వార్నీషు కొయ్యకు క్రొత్తరంగు: ముందుగా చేయవలసిన పని

మన కర్నూలు, కడప జిల్లాలలో ఒక యింటి మర్యాదను ముందుగా దెలుపునది దాని వీధితలుపు. గోడలు రాతివైనను మట్టివైనను, పైకప్పు చవుడుమన్ను మిద్దెయైనను సిమెంటు కప్పైనను, వాకిట నిలిచిన టేకుతలుపో వేపతలుపో ఆ యింటివారి శ్రద్ధను చూపరులకు జెప్పక చెప్పును. తలుపు చేయించిననాడు దానికి నిగనిగలాడునట్లు వార్నీషు పూయింతురు. కొన్ని వేసవులు గడచునప్పటికి ఆ నిగారింపు పోయి, ఎండ తగులుచోట పూత చిట్లి, చేతులు తగులుచోట జిడ్డుతో నల్లబడును. అప్పుడు ఇంటిపెద్దలకు "దీనిమీద ఒకపూత మంచిరంగు వేసిన సరిపోవును" అను నాలోచన పుట్టును.

ఆ యాలోచన తప్పుగాదు. కాని సంక్రాంతియో, క్రిస్మసో, పెండ్లియో నాలుగు దినములున్నదనగా అంగడినుండి రంగుడబ్బా దెచ్చి, తలుపుమీది దుమ్మును గుడ్డతో ఒకమారు దులిపి, ఆ మెరుపుమీదనే రంగు పులిమినచో, అది వేసిననాడు పెండ్లికూతురివలె గన్పట్టి, మరుసటి వేసవినాటికి అరటిపట్టవలె పొరలుగా నూడివచ్చును. అంతట రంగు చెడ్డదని అంగడివానిని, పని తెలియదని పనివానిని నిందింతుము. దోషము రంగులో లేదు. రంగునకు ముందు చేయవలసిన పని చేయకపోవుటలో నున్నది. విత్తుట ఒకదినపు పనియైనను దుక్కికి అనేక దినములు పట్టునని మన రైతుబిడ్డలకు వేరుగ జెప్పనక్కరలేదు. రంగు వేయుటయు నట్టిదే.

వార్నీషు పూసిన కొయ్యను ఇంటియందే క్రొత్తరంగునకు సిద్ధపరచు విధమును, ప్రతిమెట్టునకు గల కారణమును, అందు పిల్లల యారోగ్యమునకు సంబంధించిన యొక యపాయమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వార్నీషు స్వభావము

గుగ్గిలము, లక్క మొదలగు ద్రవ్యములను నూనెలోగాని స్పిరిటులోగాని కరగించి చేసిన పారదర్శకమైన పూతకు వార్నీషు అని పేరు. మన యిండ్లలో గానవచ్చునవి ముఖ్యముగా మూడు తెగలు.

మొదటిది నూనె వార్నీషు. కాచిన అవిసెనూనెలో గుగ్గిలమువంటి ద్రవ్యమును కలిపి దీనిని చేయుదురు. ఇది నీరువలె ఇగిరిపోయి ఆరునది కాదు. అందలి నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, క్రమముగా గట్టిపడి, మరల కరగని పొరగా మారును. పాతతలుపులమీద హెచ్చుగా నున్నది ఈ తెగయే.

రెండవది లక్కపూత. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై నివసించు ఒక చిన్నపురుగు స్రవించెడి ద్రవ్యమే లక్క. దానిని శుభ్రపరచి, పలుచని రేకులుగా జేసి, స్పిరిటులో కరగించి గుడ్డయుండతో పూయుదురు. దీనినే మన పనివారు ఫ్రెంచి పాలిష్ అందురు. పెద్దల కాలమునాటి కుర్చీలు, బీరువాలు, పెట్టెలు తరచుగా దీనితో మెరుగుపెట్టబడినవి. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చునదియు లక్కయే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. అయితే అక్కడి కళాకారులు లక్కను స్పిరిటులో కరగింపక, తిరుగుచున్న కొయ్యకు ఆనించి, ఒరపిడివలన బుట్టిన వేడిమితో కరగించి యంటింతురు.

మూడవది కర్మాగారములలో రసాయనములతో దయారైన పూత. పాలియురెథేను, మెలమైను, నైట్రోసెల్యులోజు లాకరు మొదలగునవి ఈ తెగకు జేరును. ఇటీవలి సామానులపై నివియే మెండు.

రంగు ఏల యంటదు?

మన కడపరాతి బండను చూడుడు. సాన పెట్టి నునుపు చేసిన బండమీద సున్నము చల్లిన, ఆరినతోడనే అది పెచ్చుగా లేచిపోవును. ఉలితో గాట్లు పెట్టిన గరుకుబండమీదనో, అదే సున్నము గీకినను రాదు. గోడకు పూత పూయుటకు ముందు పనివారు దానిపై గాట్లు పెట్టుట ఇందులకే. పూత నిలుచుటకు పట్టు గావలయును. పచ్చికొయ్యకు సహజముగా రంధ్రములుండును గనుక రంగు అందులో దిగి వేరూనుకొనును. వార్నీషు ఆ రంధ్రములను మూసివేసి, గాజువంటి తలమును గల్పించును. గట్టిపడిన నూనె వార్నీషును క్రొత్తరంగు కరగించి దానిలో నైక్యము కాజాలదు. కావున పైన బడియుండును గాని పట్టుకొని యుండదు.

ఇందునకు జిడ్డు తోడైనచో చెప్పనక్కరలేదు. వంటయింటి తలుపునకు పొగయు తాలింపునూనెయు, గడపకు పండుగపండుగకు పూసిన పసుపును, గడియయొద్ద ఏండ్ల తరబడి చేతి చెమటయు, దేవునిగది వాకిట దీపపునూనెయు బట్టియుండును. బల్లలకు కుర్చీలకు మైనపు మెరుగు పెట్టియుందురు. వీనిలో నే యొక్కటి మిగిలియున్నను ఆ చోట రంగు నిలువదు. కాబట్టి చేయవలసిన పని రెండుమాటలలో జెప్పవచ్చును: జిడ్డు తీయుట, మెరుపు చంపుట. తక్కినదంతయు ఈ రెంటి విస్తరణమే.

పని మొదలిడుటకు ముందు: సీసమునుగూర్చి

పాతతలుపును రుద్దుటకు పూనుకొను ప్రతివారును ముందుగా దెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. పాతయిండ్లలో వార్నీషు క్రిందనో మీదనో పచ్చని, నీలపు, తెల్లని రంగుపొరలు తరచుగా నుండును. పూర్వపు రంగులలో సీసము విశేషముగా వాడబడెను. తెల్లరంగునకు సఫేదా, ఎఱ్ఱని అడుగుపూతకు సిందూరము, పసుపువన్నెకు మరియొక సీసలవణము ఉపయోగించెడివారు. నూనె త్వరగా నారుటకై కాచునప్పుడును సీసముతో చేసిన యొక పొడిని కలుపుచుండిరి. ఆ రంగు తలుపుపై గదలకున్నంతవరకు హాని తక్కువ. దానిని ఎండుగా రుద్దినప్పుడు లేచు సన్నని ధూళి ఊపిరితోను, చేతులనంటి అన్నముతోను లోనికిబోవును. సీసము పిల్లల మెదడు పెరుగుదలకు హాని చేయును; రక్తహీనతను, కడుపునొప్పిని గలిగించును. పిల్లలకు హానిచేయనంత స్వల్పమైన మోతాదు ఇదియని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

ఈ జ్ఞానము లోకమునకు మెల్లగా వచ్చినది. మనవలెనే యెండ తీవ్రముగా గల ఆస్ట్రేలియా దేశపు క్వీన్సులాండులో, బ్రిస్బేను నగరమున లాకార్ట్ గిబ్సను అను నేత్రవైద్యుడు 1904లో ఒక సంగతి ప్రకటించెను. పిల్లలకు వచ్చుచున్న సీసవిషమునకు కారణము వసారా కమ్ములకు వేసిన రంగే యనియు, ఎండకు అది పొడియై పిల్లల చేతుల నంటి నోటిలోనికి బోవుచున్నదనియు ఆయన తెలిపెను. 1921లో అంతర్జాతీయ కార్మికసంస్థ యిండ్ల లోపలి పనికి సీసపు తెల్లరంగును నిషేధించు ఒడంబడికను జేసెను. అమెరికాలో ఇంటిరంగులలో సీసమును 1978లో నిషేధించిరి. మన దేశమున 2016 నవంబరు 1వ తేదీన కేంద్రప్రభుత్వము నియమములు ప్రకటించి, ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించరాదని శాసించెను. అవి 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చెను.

కావున అంతకు పూర్వము వేసిన రంగు తలుపుపై నున్నచో, అందు సీసమున్నదనియే యెంచి పనిచేయుట వివేకము. అట్టి పొరను ఎండుగా రుద్దరాదు; మంటతో కాల్చి తీయరాదు. నీటితో తడిపి, నీటికి చెడని గరుకు కాగితముతోనే రుద్దవలెను. క్రింద పాత ప్లాస్టికు పట్టాను పరచి, రాలినదానిని చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తుడిచి మూటగట్టి వేయవలెను. తడిగుడ్డలను పిల్లలాడుచోట ఉతుకరాదు. ముక్కునకు తువ్వాలు చుట్టుకొనుట చాలదు. సన్నధూళిని ఆపు మాస్కు ధరింపవలెను. చంటిపిల్లలును గర్భిణీస్త్రీలును ఆ గదిలో నుండరాదు. భోజనమునకు ముందు చేతులు ముఖము సబ్బుతో కడుగుకొని, పనిబట్టలను వేరుగా నుతుకవలెను. విద్యార్థులు రంగుడబ్బాలు మోయవచ్చును, కుంచెలు కడుగవచ్చును. పాతరంగు గీకుపని మాత్రము పెద్దలకే విడువవలెను.

రంగుపొర యేమియు లేక వట్టి వార్నీషే యున్నను మాస్కు మానరాదు. టేకుధూళి కొందరికి తుమ్ములను, చర్మమునకు దురదను బుట్టించును.

మూడు పరీక్షలు

పని యెంతవరకు గలదో తెలియుటకు మూడు చిన్న పరీక్షలు గలవు.

మొదటిది పూత యే తెగదియో తెలిసికొనుట. తలుపు వెనుక కనబడనిచోట స్పిరిటులో ముంచిన దూదిని ఒక నిమిషముసేపు ఆనించి చూడవలెను. పూత మెత్తబడి జిగటగా వచ్చిన, అది లక్కపూత. అట్లు గాకున్న థిన్నరుతో చూడవలెను. మెత్తబడిన, అది లాకరు. రెంటికిని చలింపకున్న నూనె వార్నీషో పాలియురెథేనో అయియుండును. లక్కపూతయైనచో దానిని ఉంచుటకంటె స్పిరిటుతో తడిపి గుడ్డతో తుడిచివేయుటయే సుళువు. ఇక్కడ వాడు స్పిరిటు విషము, సులభముగా మండునది. పొయ్యియొద్దను దీపమునొద్దను దాని సీసాను విప్పరాదు, కిటికీలు తెరచియుంచవలెను.

రెండవది పూత పట్టు నెరుగుట. పదునైన బ్లేడుతో గుణకారపు గుర్తువలె రెండుగీతలను కొయ్యవరకు దిగునట్లు గీసి, వానిపై గట్టిగా నంటు టేపును అదిమి, ఒక్కమారుగా లాగవలెను. పాతపూత టేపుతో రాకున్నచో అది దృఢముగా నున్నది. దానిని పూర్తిగా తొలగింప నక్కరలేదు, మెరుపు చంపిన చాలును. పెచ్చులుగా వచ్చినచో దానిమీద నెంత మంచిరంగు వేసినను దానితోగూడ నూడును, కావున గీకివేయవలసినదే. ఎండ తగులు వీధివైపున పూత చెడి, లోపలివైపున దృఢముగా నుండుట సాధారణము. అందుచేత రెండువైపులను వేరువేరుగా పరీక్షింపవలెను.

మూడవది కొయ్యను పరీక్షించుట. ద్వారబంధము నేలను తాకుచోట మేకుతో గుచ్చిచూడవలెను. మేకు సులువుగా దిగిన చెదలు పట్టినదని యర్థము. చెదలు తినిన కొయ్యకు రంగు వేయుట పుచ్చుపంటికి తెలుపు పూయుటవంటిది. ముందు వడ్రంగిని బిలిచి ఆ ముక్కను మార్పించి, చెదలమందు పెట్టించిన పిదపనే తక్కిన పని.

కడుగుట

రుద్దుటకు ముందే కడుగవలెను. ఈ క్రమమును తారుమారు చేయరాదు. జిడ్డుమీద రుద్దినచో గరుకు కాగితము పూడుకొనిపోవుటయేగాక, ఆ జిడ్డు క్రొత్తగా బడిన గీతలలోనికి దిగి, తరువాత నెంత కడిగినను రాదు.

కొద్దిపాటి మురికికి కుంకుడుకాయ రసమో సబ్బునీరో చాలును. వంటయింటి జిడ్డునకు లీటరు గోరువెచ్చని నీటిలో 20 గ్రాముల చాకలిసోడా కరగించి, చేతులకు రబ్బరు తొడుగులు ధరించి, గుడ్డతో క్రిందినుండి పైకి తుడువవలెను. పైనుండి మొదలిడిన మురికినీరు ఎండు భాగముపై చారలుగా గారి మరకలు పడును. చాకలిసోడా జిడ్డును సబ్బుగా మార్చి నీట కలుపును, దాని గుణమదియే. అయితే సోడా కొంచెము మిగిలినను అది క్రొత్తరంగులోని నూనెనుగూడ అట్లే సబ్బుగా మార్చి చెరచును. కావున మంచినీటితో రెండుమారులు తుడువవలెను. గోడకు సున్నము కొట్టునప్పుడు తలుపులపై జిందిన చుక్కలును ఈ గుణము గలవియే గనుక వానిని మిగులనీయరాదు.

మన సున్నపురాతి నేలలలోని బావినీరు చాలచోట్ల ఉప్పదనము గలిగి, ఆరినపిమ్మట తెల్లని పొడిని విడుచును. ఆ పొడియు రంగునకు శత్రువే. కడపటి తుడుపునకు త్రాగునీటిని వాడి, వెంటనే పొడిగుడ్డతో అద్దవలెను.

మైనపు మెరుగును నీరు గాని సోడా గాని తీయజాలవు. దానికి టర్పెంటైనులో తడిపిన గుడ్డ కావలయును. గుడ్డను మాటిమాటికి మార్చుచుండవలెను. చౌకయని కిరసనాయిలు వాడువారు గలరు. అది నూనెపసను వెనుక విడుచును గనుక ఈ పనికి దగదు. కాస్టిక్ సోడాయు వాడరాదు. టేకును నల్లబరచి, నారలను చెరచును.

గీకుట, రుద్దుట

లేచిన పెచ్చులను పుట్టీకత్తితో కొయ్యనారల వరుసనే గీకవలెను. పిమ్మట గరుకు కాగితముతో రుద్దవలెను. దీనిని మనవైపు ఉప్పుకాగితమనియు వాడుదురు. దాని వెనుకనున్న యంకె పెరిగినకొలది గరుకు సన్ననగును. చిట్లినచోట 120, తక్కినచోట 150 లేక 180, చివరకు అంతటను 220 అంకెగల కాగితము వాడిన సరిపోవును. కాగితమును వట్టిచేతితో బట్టిన వ్రేళ్ల యొత్తిడి సమముగా బడదు. అరచేతిలో నిమిడెడి చదునైన చెక్కముక్కకు చుట్టి, నారల వరుసనే నడుపవలెను. అడ్డముగా రుద్దినచో గీతలు రంగు వేసిన తరువాతగూడ కన్పించును.

ఎంతవరకు రుద్దవలయును? అనేకులు కొయ్య తేలువరకు రుద్ది చేతులు నొప్పిబెట్టుకొందురు. పట్టున్న పూతమీద అంత యవసరము లేదు. తలమంతయు వరిపిండి చల్లినట్లు మసకబారిన చాలును. టార్చిలైటును ప్రక్కనుండి ఏటవాలుగా వేసి చూచిన, ఎక్కడైన మెరుపుచుక్క మిగిలియున్న యది తళుక్కుమనును. అచ్చట మరల రుద్దవలెను. పెచ్చు లేచిన చోటికిని లేవనిచోటికిని నడుమ మెట్టు ఏర్పడును. వ్రేలితో తడిమినపుడు తెలియనంతగా దాని యంచును వాలుగా రుద్దవలెను. చెక్కడపు పూవులు, తీగలు, చిలుకలు గలచోట కాగితము దూరదు. అచ్చట సన్నని ఇనుపపీచునో, సన్ననీట తడిపిన బుడిపెల స్పాంజినో వాడుట మేలు.

పిమ్మట ధూళి తీయుట. పొడి కుంచెతో మూలలను దులిపి, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, ఆరనీయవలెను. తడిపి రుద్దిన తలుపును కనీస మొకదినము నీడలో నారనీయవలెను. చవుడుమన్ను మిద్దెయైనచో పైనుండి మన్ను రాలుచుండును. పని ముగియువరకు తలుపునకు పైగా పాతదుప్పటి యొకటి కట్టుట మంచిది.

ప్రైమరు, లప్పము

గీకినందున కొయ్య బయల్పడిన చోట్ల ముందు ప్రైమరు వేయక లప్పము పెట్టరాదు. దాహముగొన్న కొయ్య లప్పములోని నూనెను పీల్చివేయగా లప్పము పొడియై రాలును. టేకునకు స్వభావముననే నూనె గలదు. అది పైకి ఊరి ప్రైమరును నిలువనీయదు గనుక, బయల్పడిన టేకును థిన్నరులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరినతోడనే ఆలస్యము చేయక ప్రైమరు వేయవలెను. కొయ్యలో ముడులున్నచో వానినుండి జిగురు ఊరి రంగుపై గోధుమవన్నె మరక దేలును. ఆ ముడులమీద పలుచని లక్కపూత వేసిన మరక యాగును. చూడుడు, ఒకచోట తీసివేయవలసిన లక్కయే మరియొకచోట పనికివచ్చినది!

ప్రైమరు ఒకరాత్రి యారినపిదప, పగుళ్లలోను మేకురంధ్రములలోను లప్పమును కత్తితో గట్టిగా నొత్తవలెను. మెత్తని సుద్దపొడిని కాచిన అవిసెనూనెతో చపాతిపిండివలె పిసికిన ఇంటనే లప్పము సిద్ధమగును. అది ఆరుటకు కొన్నిదినములు పట్టును. అంగడి లప్పము త్వరగా నారును. ఆరిన లప్పమును 220 కాగితముతో చదును చేసి, అచ్చట మరల ప్రైమరు తగిలించి, అప్పుడు తలుపంతటికిని ఒకపూత ప్రైమరు వేసిన, ఎల్లచోట్ల ఒకే పట్టుగల తలము లభించును.

ఇచ్చట మరియొక యపాయమును జెప్పవలెను. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండగాజుట్టి మూలను బడవేయరాదు. నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించునపుడు వేడిమి పుట్టును. పరచిన గుడ్డనుండి ఆ వేడిమి గాలిలో గలసిపోవును. ఉండచుట్టిన గుడ్డలో అది బయటికి పోలేక పెరిగి పెరిగి, ఎవ్వరును నిప్పు పెట్టకయే యంటుకొనును. మన వేసవివేడిలో ఆ ప్రమాద మింకను హెచ్చు. అట్టి గుడ్డలను ఆరుబయట విప్పి పరచి యారవేయవలెను. లేదా నీటిలో ముంచియుంచవలెను.

ఎప్పుడు చేయవలెను?

మన ప్రాంతమునకు సంవత్సరమునకు ఇంచుమించు 700 మిల్లీమీటర్ల వానయే. అయినను దినములన్నియు ఈ పనికి దగినవి కావు. ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి యెండలో రంగు పైపొర వెంటనే యెండి లోపల పచ్చిగా నుండుటచే ముడుతలు, బొబ్బలు పుట్టును. జూను, జూలై నెలలలో పడమటిగాలి పొలముల ధూళిని మోసికొనివచ్చి తడిరంగుపై చల్లును. అక్టోబరు, నవంబరులలో తూర్పుదిక్కు వానలు, ముఖ్యముగా కడపవైపున, కొయ్యను ఉబ్బించును. కావున డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు గల కాలమే శ్రేష్ఠము. పాఠశాలల బల్లలకు ఈ పని వేసవి సెలవులలో చేయుట వాడుక. క్రిస్మసు, సంక్రాంతి సెలవులలో చేసిన ఫలము మెరుగుగా నుండును. ఉదయము మంచుతడి యారినపిదప మొదలిడి, తలుపుపై నేరుగా నెండ పడకముందే ముగింపవలెను.

తలుపు బిగుతుగా నున్నచో రంగు వేసిన తరువాత మరింత బిగియును. అట్టిదానిని ముందే కొద్దిగా చిత్రిక పట్టించవలెను. తలుపు పై యంచును, క్రింది యంచును ఎవ్వరికిని కనబడవని వదలుదురు. వాననీరు దూరునది ఆ దారినే. నారల కొనలు నీటిని వత్తివలె పీల్చును. ఆ రెండంచులను తక్కినవానికంటె శ్రద్ధగా పూయవలెను.

వరద తాకిన కొయ్య

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీనదులు పొంగి కర్నూలు నగరమును ముంచిన సంగతి మన పెద్దలెవ్వరును మరువలేదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, రాజంపేటవైపు గ్రామములు కొట్టుకొనిపోయెను. అట్టి వేళలలో మునిగిన తలుపులు, బీరువాలు పారవేయనక్కరలేదు. కాని తొందరపడి రంగు వేసిన మాత్రము చెడును. లోపలి తేమ బయటికి వచ్చుటకు దారిలేక రంగును బొబ్బలుగా లేపును. వార్నీషు తెల్లబారుటయు తేమ చిక్కుకొనినందుననే.

ముందు మంచినీటితో బురద కడిగి, నీడలో గాలి పారునట్లు నిలిపి, వారముల తరబడి యారనీయవలెను. ఎండలో నిలిపిన ఒకప్రక్క ముందారి కొయ్య వంకరపోవును. ఆరినదని యెట్లు తెలియును? ఊడదీయదగిన సొరుగునో కిటికీరెక్కనో వారమున కొకమారు త్రాసున తూచి, బరువును కాగితముపై వ్రాసికొనవలెను. బరువు తగ్గుట యాగినప్పుడు కొయ్య యారినదని నిశ్చయము. ఇది విజ్ఞానశాస్త్ర తరగతిలో విద్యార్థులు చేయదగిన మంచి ప్రయోగమును గూడ.

ఒక చిన్న లెక్క

రంగు ఎంత కొనవలయును? రెండు మీటర్ల యెత్తు, ఒక మీటరు వెడల్పు గల తలుపునకు రెండువైపులు కలిపి 4 చదరపు మీటర్లు. లీటరు ఎనామెలు ఒకపూతగా ఇంచుమించు 10 చదరపు మీటర్లకు వచ్చుననుకొన్న, ఒకపూతకు 0.4 లీటరు, రెండుపూతలకు 0.8 లీటరు పట్టును. అనగా తలుపునకు ఒక లీటరుడబ్బా చాలి, ద్వారబంధమునకును కొంత మిగులును. చెక్కడపు పనియున్న కొంచెము హెచ్చు పట్టును. డబ్బాపై వ్రాసిన లెక్కను చదివి సరిచూచుకొనవలెను. సీసమునుగూర్చిన మాటయు అచ్చటనే చదువవలెను. రెండు పలుచని పూతలు ఒక దట్టమైన పూతకంటె మేలు. మొదటిపూత యారినపిదప 220 కాగితముతో తేలికగా నొకమారు రుద్ది, ధూళి తుడిచి, రెండవపూత వేయవలెను.

కడపటిమాట యొకటి. పట్టు గలిగి, చెక్కడపు సొబగు గల పాత టేకుతలుపునకు రంగే వేయవలయునా యని ఒకమారు ఆలోచింపుడు. అట్టిదానికి ఇదే విధముగా కడిగి రుద్ది, మరల వార్నీషు పూసినను క్రొత్తదనము వచ్చును. కొయ్యనారల యందము దాగదు. రంగు వేసిన తలుపును తిరిగి కొయ్యరంగునకు దెచ్చుట మిక్కిలి కష్టము. చెక్కడము లేక, మరకలు పడి, అతుకులు వేసిన తలుపునకు రంగే తగును.

ఈ పనిలో ఎవ్వరి కంటికిని గానరాని భాగమే పెద్దది. కడిగిన నీటిని పారబోయుదుము. రుద్దిన ధూళిని తుడిచివేయుదుము. ప్రైమరును రంగు కప్పివేయును. అయినను, పది వేసవులు గడచిన తరువాత ఆ తలుపు పొర లేవక నిలిచియున్నచో, దానిని నిలిపినది ఆ కనబడని పనియే. ఆ తలుపు నానుకొని యాడుకొను పసిపిల్లల చేతులకు విషధూళి యంటకున్నచో అదియు ఆ పని ఫలమే.